అనువాద కాయకము – న్యాయమైన వెల

కల్యాణములోని అనుభవ మంటపమును తలచునపుడు పండితులకన్న పనివారే ముందుగా జ్ఞప్తికి వత్తురు. మడివాళ మాచయ్య బట్టలుతికెను. మేదర కేతయ్య బుట్టలల్లెను. మోళిగెయ మారయ్య కట్టెలమ్మెను. నులియ చందయ్య గడ్డి కోసి తాళ్లు పేనెను. ఈ చందయ్యగారి వృత్తాంతములో వెలను గూర్చిన ఘట్టమొకటి కలదు. ఆయన చెరువులో గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారి నీట పడినది. ఆయన దానికై ఆగక పని సాగించెను. లింగము వెంబడించి తన్ను మరల ధరింపుమని కోరగా, తానును కాయకము చేసినచో సరేయని ఒప్పుకొని, తాడు అమ్ముకొని రమ్మని పంపెను. లింగము ఆ తాటిని బసవేశ్వరుని కడకు కొనిపోగా ఆయన వేయి హొన్నులిచ్చినాడని సంప్రదాయము చెప్పుచున్నది. చందయ్య సంతోషింపలేదు. తాటికి తగిన వెలకు మించి ఏల తెచ్చితివని నిలదీసెను.

ఈ కథను సాధారణముగా ఆశ లేకుండుటకు ఉదాహరణముగా చెప్పుదురు. అది నిజమే. అయినను ఇందులో ఒక లెక్కయు ఉన్నది. తాటికొక వెల కలదనియు, దానిని నిర్ణయించునది కొనువాని ఔదార్యము గాని అమ్మువాని ఆశ గాని కాదనియు, తాటిలో పడిన పనియే యనియు చందయ్య నమ్మినాడు. పనికి మించి పుచ్చుకొనుట తప్పయినచో, పనికి తగినంత ఈయకుండుటయు తప్పే కావలెను గదా. ఈ రెండవ సగమును ఉపన్యాసములలో తరచుగా విడిచిపెట్టుదురు. నేటి వృత్తి నొకదానిని పట్టి ఆ సగమును పరిశీలించుట ఈ పాఠమున ఉద్దేశింపబడినది. ఆ వృత్తి, ఇంట కూర్చుండి ఇంటర్నెట్టు ద్వారా చేయు అనువాదము.

ఇంగ్లీషును తెలుగును చక్కగా తెలిసి, ఒక కంప్యూటరు కలవారు ఏలూరులో నున్నను, తాడేపల్లిగూడెములో నున్నను, కొల్లేటి ఒడ్డున కైకలూరులో నున్నను ఈ పనిని చేయవచ్చును. ఇల్లు విడువనక్కరలేదు, పెట్టుబడి స్వల్పము. 1999లో ఏర్పడిన ప్రోజ్, 2015 నుండి ఆ పేరుతో నడచుచున్న అప్‌వర్క్ వంటి వేదికలలో పని ఇచ్చువారు ప్రకటన వేయుదురు, పని కోరువారు తమ రేటు తెలుపుదురు. మందుల కంపెనీ కరపత్రము, యంత్రము వాడు విధానము, బీమా షరతులు, ఫోనులో కనబడు చిన్న చిన్న వాక్యములు — ఇవన్నియు ఈ దారిని తెలుగులోనికి వచ్చునవే. మొదటి యజమాని ఏ దూరదేశములోనో ఉండును. ఆయన పనిని పెద్ద ఏజెన్సీకి ఇచ్చును. అది చిన్న ఏజెన్సీకి, అది మన నగరములలోని మరియొకరికి, వారు మన పల్లెలోని అమ్మాయికి అందించుట కలదు. ప్రతి చేతిలోను కొంత మిగులును. చివరి చేతిలోనే పని జరుగును.

కూలి లెక్క పదములపై నడచును. ఇక్కడ తెలుగువారు మొదట గ్రహింపవలసిన సంగతి యొకటి ఉన్నది. ఇంగ్లీషులో ‘ఐ విల్ నాట్ కమ్’ అన్నచో నాలుగు పదములు. తెలుగులో ‘రాను’ అన్నచో ఒకటే. ‘ఇన్ ది హౌస్’ మూడు, ‘ఇంటిలో’ ఒకటి. మన విభక్తులు పదమునకు అంటుకొనియే యుండును గనుక మూలములోని పదములకన్న అనువాదములోని పదములు సాధారణముగా తక్కువగనే యుండును. కావున లెక్క మూలము మీదనా, తెలుగు మీదనా అన్నది పనికి ముందే అడిగి తెలిసికొనవలెను. పదమునకు ఇంత యని విని సంతోషించి, తెలుగు పదముల లెక్కన డబ్బు చేతికి వచ్చిన పిమ్మట బాధపడి లాభము లేదు. (సంధులు కలిపి వ్రాయు అలవాటు కలవారికి నష్టము మరికొంత అధికము!)

ఇక వెల సంగతి. ఒక ఉదాహరణము వేసికొందము. ఇది లెక్క తెలియుటకు మాత్రమే. శ్రద్ధగా పనిచేయు అనువాదకుడు రోజునకు రెండువేలు, రెండువేల ఐదువందల మూలపదములు చేయగలడని ఈ వృత్తిలో సాధారణపు అంచనా. పదమునకు రూపాయి చొప్పున రెండువేల పదములకు రెండువేల రూపాయలు వచ్చునని అనుకొందము. ఆ రోజు ఎట్లు గడచును? వ్రాయుటకే ఆరు గంటలు. తెలియని మాటలకు వ్యవసాయ శాఖ వారు ఏమందురో, వైద్యులు ఏమందురో వెదకుటకు గంట పైన. చివర మూలముతో పోల్చి చదువుటకు మరియొక గంట. ఇప్పుడు అదే పని పదమునకు పావలాకు వచ్చినదనుకొందము. రెండువేల రూపాయలు కావలెనన్న ఎనిమిదివేల పదములు చేయవలెను. మనిషి చేయి ఒక్క దినములో అంత చేయదు. వ్రాయు గంటలను తగ్గించుటకు వీలు లేదు గనుక మొదట పోవునది చివరి చదువు. తరువాత పోవునది మాటలు వెదకుట. ఆ తరువాత పోవునది అనువాదమే. మూలమును యంత్రములో పోసి, వచ్చినదానిని పైపైన తుడిచి పంపుట మొదలగును.

యంత్రము చెడ్డదని కాదు. 2011లో గూగుల్ అనువాద సేవలో తెలుగు చేరినది. 2017లో న్యూరల్ పద్ధతి తెలుగునకును వచ్చినది. భారత ప్రభుత్వము భాషిణి యను సేవను 2022లో ఆరంభించినది. వీనివలన లాభము పొందువారు చాలమంది. కాని వెనుకటి యంత్రపు తెలుగు కుంటుచు నడచెడిది గనుక తప్పు దూరమునుండియే కనబడెడిది. నేటిది నునుపుగా నడచును గనుక తప్పు వాక్యములో కలసిపోవును. మన సీమలో ‘ఫిష్ ట్యాంక్’ అనగా చేపల చెరువు. యంత్రము దానిని చేపల తొట్టి యనవచ్చును. ‘ఎవ్రీ అదర్ డే’ అనగా రోజు విడిచి రోజు. తొందరలో అది ‘ప్రతి దినము’ అయినచో మందు రెట్టింపు లోనికి పోవును. కొల్లేటి ప్రాంతమువారికి మరియొక ఉదాహరణము చాలును. 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడినది +5 కాంటూరు వరకు గల 308 చదరపు కిలోమీటర్లు. కాంటూరునకు లోపలి భూమి యొకటి, వెలుపలి భూమి యొకటి. 2006లో ఆ లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వము తెగగొట్టించినప్పుడు ఏ గట్టు ఏ వైపున నున్నదన్న మాటపై ఎన్నో కుటుంబముల బ్రతుకు ఆధారపడినది. అటువంటి పత్రమొకటి పావలా పనిగా వచ్చి, ‘లోపల’ అన్నది ‘వెలుపల’ అయినచో చదువరి దేనిని నమ్మవలెను?

ఈ వృత్తిలోని చిక్కు ముడి ఇక్కడనే ఉన్నది. ఏలూరు తివాచీని కొనువాడు దానిని తిరగవేసి ముడులు చూచును. తాడేపల్లిగూడెపు మార్కెట్టులో ఉల్లిపాయలు కొనువాడు బస్తా విప్పించి చేయి పెట్టును. కొల్లేటి చేపను కొనువాడు మొప్పలెత్తి ఎరుపు చూచును. ఈ మూడు బేరములలోను మధ్యవర్తులు ఉన్నారు, కమీషను ఉన్నది, చిన్నవానికి అన్యాయము జరుగుటయు ఉన్నది. అయినను సరకును తిరగవేసి చూచు కన్ను కొనువానికి కలదు. అనువాదములో ఆ కన్ను లేదు. కొనువానికి తెలుగు రాదు; వచ్చినచో అనువాదమే అక్కరలేదు. నడుమనున్న ఏజెన్సీ వానికిని చాలసార్లు రాదు. తెలుగు తెలిసిన మనిషి ఆ పత్రమును చూచుట, అది ఎవరి చేతికో చేరి, వారు మందు మ్రింగునప్పుడో సంతకము పెట్టునప్పుడో జరుగును. అప్పటికి డబ్బు పుచ్చుకొన్నవాడు, ఇచ్చినవాడు ఇద్దరును మరల వెదకుటకు దొరకరు. వెల తగ్గించిన భారము బేరమాడిన వారిపై పడదు. బేరములో లేని వానిపై పడును. అందువలననే అనువాదము ఏ ఒప్పందము క్రింద జరిగినను దాని బాధ్యత అనువాదకునిదే యని అంతర్జాతీయ అనువాదకుల సమాఖ్య 1963లో డుబ్రోవ్నిక్ నగరములో ఆమోదించిన నియమపత్రము మొదటనే చెప్పినది. 2015లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 17100 ప్రమాణము మరియొక అడుగు వేసి, అనువాదమును చేసినవాడు కాక రెండవ మనిషి మూలముతో పోల్చి చూడవలెనని నిర్బంధించినది. పావలాలో ఆ రెండవ మనిషికి చోటెక్కడ?

ఇక్కడ భక్తులు ఒక ప్రశ్న వేయుదురు. దొరికినదానితో తృప్తి పడుమని గదా శరణులు చెప్పినది? ఆయ్దక్కి మారయ్యగారి కథ అదియే గదా? బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్యగారి కాయకము. ఒకనాడు నిత్యముకన్న ఎక్కువ తెచ్చెను. ఆయన ఇల్లాలు లక్కమ్మగారు అది చూచి, ఈ అధికము మనకెందుకు, పోయి తెచ్చినచోటనే పోసి రమ్మని పంపినది. దీనినిబట్టి తక్కువ కూలికి నోరెత్తకుండుటయే భక్తి యని చెప్పువారున్నారు. ఆ అర్థము కథలో లేదు. లక్కమ్మగారు త్రిప్పి పంపినది అక్కరకు మించిన గింజలను. చేసిన పనికి తగిన గింజలను కాదు. ఆ ఇంట లెక్క చూచినది ఆమె. నేటికి కావలసినది ఎంతయో, దానికెంత పని పడినదో ఆమెకు తెలియును గనుకనే ఎక్కువైనది కనబడినది. ఎక్కువను చూడగల కన్ను తక్కువను చూడలేదా? ఆమెచేత పావలా పనికి ముద్ర వేయించుట అన్యాయము.

దాసోహమును సాకుగా చూపుటయు అట్టిదే. దాసోహము తన కాయకము వలన వచ్చినదానిలోనుండి పెట్టునది. ఒక ఆసుపత్రి ధర్మవార్డు కరపత్రమునో, వరదబాధితుల సూచనలనో ఉచితముగా తెలుగు చేసి ఇచ్చుట దాసోహమే. అప్పుడు ఉచితమని చెప్పి ఇత్తురు, పూర్తి శ్రద్ధతో ఇత్తురు. లాభము గడించు కంపెనీ పనిని పావలాకు పట్టుట ఎవరికి దాసోహము? అది ప్రక్క యింటివాని రూపాయి పనిని పోగొట్టి, దూరముననున్న వానికి మిగులు చూపుట.

పస్తున్న ఇంటివారికి ఈ మాట కటువుగా నుండునని అంగీకరింపవలసినదే. కాదనుట కడుపు నిండినవారికి సులభము. కైకలూరులో చంటిబిడ్డను నిద్రపుచ్చి రాత్రి పదింటికి కంప్యూటరు ముందు కూర్చుండు తల్లికి పావలాయే ఆ నెల కరెంటు బిల్లు కావచ్చును. ఆమెను నిందించుటకు ఎవరికిని అధికారము లేదు. ఆమె తప్పు వెలలో లేదు. వెల తక్కువయని, చెప్పకుండ పనిని తక్కువ చేసి, పూర్తి పనియని పంపినచో అక్కడ తప్పు మొదలగును. ‘ఈ వెలకు యంత్రపు ప్రతిని ఒకసారి చూచి ఇవ్వగలను, మందులకు, న్యాయస్థాన పత్రములకు అది చాలదు’ అని చెప్పి ఇచ్చినచో అది మోసము కాదు. యంత్రపు అనువాదమును దిద్దు పనికి ఐ.ఎస్.ఓ. 18587 అను వేరు ప్రమాణమే 2017లో వచ్చినది. అనగా అది వేరు పని, వేరు పేరు. పేరు మార్చి అమ్మకుండిన చాలును.

ఇంతవరకు పైవారి సంగతి. మనవారి సంగతియు చెప్పవలెను, అది మరింత నొప్పించునది. మంచి రేటుకు పని పట్టి, దానిని నాలుగు ముక్కలు చేసి, కళాశాల విద్యార్థులకు నాలుగవ వంతు వెలకు పంచి, వచ్చినదానిని చదువక తన పేరుతో పంపువారు మనలోనే ఉన్నారు. పరీక్ష పేరుతో మూడువందల పదములు ఉచితముగా చేయుమని పదిమందిని అడిగి, పది ముక్కలను కూర్చి మూడువేల పదముల పని ముగించుకొన్నవారును ఉన్నారు. రహస్యముగా ఉంచెదనని వ్రాసి యిచ్చిన రోగి వివరములను ఉచిత యంత్రములో పోయువారును ఉన్నారు. విదేశపు ఏజెన్సీని తిట్టునపుడు వినబడు గొంతు ఇటువంటి చోట్ల వినబడదు.

ఒకరి చేత చేయించుకొనుట తప్పు కాదు. తెలుగు సాహిత్యమే అట్లు మొదలైనది. ఏలూరు ప్రక్కనున్న పెదవేగి ఒకప్పుడు వేంగి. ఆ వేంగీ చాళుక్యుడైన రాజరాజనరేంద్రుడు కోరగా నన్నయ రాజమహేంద్రవరములో మహాభారతమును తెలుగు చేయ పూనుకొన్నప్పుడు నారాయణభట్టు తోడ్పడినాడు. ఆ తోడ్పాటును నన్నయ అవతారికలోనే పేరు పెట్టి చెప్పినాడు. వేయి సంవత్సరములుగా నారాయణభట్టు పేరు నన్నయ పేరు వెంట వచ్చుచున్నది. వీరశైవులకు అనువాదము పరాయి విద్య కానేకాదు. పాల్కురికి సోమనాథుడు తెలుగున ద్విపదలో రచించిన బసవపురాణమును భీమకవి 1369లో కన్నడము చేసినాడు; కన్నడ దేశపు బసవేశ్వరుని కథ తెలుగునుండి కన్నడమునకు పోయినదన్నమాట. అదే గ్రంథమును ఏలూరు సర్ సి.ఆర్. రెడ్డి కళాశాలలో తెలుగు బోధించిన వెల్చేరు నారాయణరావుగారు, జీన్ రోగేర్‌గారు కలిసి ఇంగ్లీషు చేయగా 1990లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయము వారు ప్రకటించిరి. అట్టమీద రెండు పేర్లును ఉన్నవి. నలుగురు విద్యార్థులచేత చేయించుకొన్నవాడు ఆ నలుగురి పేర్లు ఏజెన్సీకి చెప్పుటకు వెనుకాడినచో, ఎందులకు వెనుకాడుచున్నాడో తన్ను తాను అడుగవలెను.

చట్టము కొంత తోడ్పడును. అనువాదకులకు తగిన ప్రతిఫలము ఉండవలెనని 1976లో నైరోబీలో యునెస్కో సిఫారసు చేసినది గాని అది సిఫారసు మాత్రమే. మన దేశములోని 2006వ సంవత్సరపు సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టము అంతకన్న పనికివచ్చునది. 2020 జూలై నుండి ఉద్యమ్ పేరిట జరుగుచున్న నమోదు ఉచితము. సేవలు అమ్ము ఒంటరి వ్యక్తియు సూక్ష్మ సంస్థగా నమోదు కావచ్చును. నమోదైన వానివద్ద పని పుచ్చుకొన్న భారతీయ సంస్థ ఒప్పందమున ఎంత గడువు వ్రాసికొన్నను 45 దినములలోపల డబ్బు చెల్లింపవలెను. చెల్లింపనిచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడింతల వడ్డీ, నెల నెలకు చక్రవడ్డీగా పడును. నమోదు పనికి ముందే జరిగి యుండుట మేలు. విదేశపు ఏజెన్సీల విషయములో ఈ చట్టము చేతికి రాదు. అక్కడ, పని ఒప్పుకొనుటకు ముందు, ప్రోజ్‌లో అనువాదకులు ఏజెన్సీలపై తమ అనుభవము తెలుపు బ్లూ బోర్డు వంటి పుటను చూచుటయే శరణ్యము. రెండు నెలలు డబ్బు ఈయని వారిని గూర్చి అక్కడ నిజము వ్రాయుటయు, సకాలములో ఇచ్చినవారిని గూర్చి మంచి వ్రాయుటయు వెనుక వచ్చువారికి మేలు. కోపములో ఒక అక్షరము కూడ ఎక్కువ వ్రాయరాదు.

వెల తక్కువగా అడిగినపుడు ఏమని బదులు వ్రాయవలెనో తెలియక ఊరకుండువారే ఎక్కువ. ఊరకుండినచో ఏజెన్సీ వాడు తెలుగునకు ఆ వెలయే సరియనుకొనును. బదులు ఈ భావముతో నుండవచ్చును: “తమరు పంపిన పత్రము చూచితిని. ఇది రోగులు చదువునది. ఇందులో రెండువేల మూలపదములు ఉన్నవి. వ్రాయుటకు, మాటలు సరిచూచుటకు, మూలముతో పోల్చుటకు కలిసి ఎనిమిది గంటలు పట్టును. దానికి నా వెల ఇంత. తమరు చెప్పిన వెలకు నేను చేయగలది యంత్రపు ప్రతిని ఒక మారు చదువుట మాత్రమే. ఈ పత్రమునకు అది తగదు గనుక ఆ విధముగా చేయలేను. మరియొకరు ఒప్పుకొన్నను, ప్రచురణకు ముందు తెలుగు తెలిసిన వైద్యునిచేత ఒకసారి చదివింపుడు.”